విశ్రాంతమ్మ మేలిముసుగు

నేను ఒక పెళ్లి ముసుగును. నరసాపురానికి కూతవేటు దూరంలో, కాలవగట్టు మీదున్న ఒక పేటలో, తెల్లని నూలు దారంతో, కొనకి చిన్న కొక్కెం ఉన్న ఒకే ఒక్క సూదితో విశ్రాంతమ్మ అనే పిల్ల నన్ను అల్లింది. ఒళ్లంతా కన్నాలున్నదాన్ని. మిగతా బట్టలు మనిషిని కప్పడానికి పుడతాయి. నేను సగం కప్పి సగం చూపించడానికి పుట్టాను. నా వెనకనుంచి చూసేవాళ్లకి లోకం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పొద్దున్నే కాలవ మీద మంచు లేచినప్పుడు అవతలి గట్టు కనిపించినట్టు ఉంటుంది. ఉందనీ తెలుస్తుంది, అందదనీ తెలుస్తుంది. నా బతుకంతా అలాగే గడిచింది కాబట్టి, నేను చెప్పేదాంట్లో కాస్త కల కలిసిపోతే మీరు తప్పు పట్టకండి.

మధ్యాహ్నం వంటలయ్యాక ఆ పేటలో ఆడవాళ్లందరూ అరుగుల మీదకి చేరేవారు. ఎప్పుడో మిషను దొరసానులు నేర్పిపోయిన లేసు అల్లిక వాళ్ల చేతుల్లో ఉండేది. తాము ఎన్నడూ కూర్చోబోని బల్లల కోసం, ఎన్నడూ పడుకోబోని మంచాల కోసం వాళ్లు పువ్వులూ ఆకులూ అల్లి పంపేవారు. తల్లి లేని విశ్రాంతమ్మని అన్న మత్తయి పెంచాడు. మత్తయి కొబ్బరికాయల పడవ నడిపేవాడు. మాట గట్టిది, మనసు మెత్తనిది. చెల్లెలు తనకోసం దారం కొనమని అన్నని ఎన్నడూ అడగలేదు. పని పూర్తయ్యాక మిగిలిపోయే మూరెడు, జానెడు ముక్కల్ని దాచుకునేది. లేసు పని పంచే ఆవిడ చూసి, "ఆ పీలికలు నాకెందుకే, తీసుకుపో" అంది.

ఆ ముక్కల్నే ఒకదానికొకటి కలిపి విశ్రాంతమ్మ నన్ను మొదలుపెట్టింది. ముక్క ముక్కకీ ఒక ముడి పడాలి. ప్రతి ముడినీ ఒక పువ్వు నడుమ దాచేసింది. బయటికి చూస్తే మల్లెలు పరిచినట్టుంటాను; లోపల ఎన్ని పువ్వులో అన్ని ముడులు. పధ్నాలుగు నెలలు పట్టింది. చివరి కొస తెంపిన రోజున ఆమె నన్ను తలమీద వేసుకుని, ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని, నాలోంచి కాలవని చూస్తూ ఉండిపోయింది. నీళ్ల మీద ఎండ పడి కదులుతోంది. అప్పటికి ఆమెకి పెళ్లికొడుకెవరో తెలియదు.

పెళ్లికొడుకు పేరు ఆశీర్వాదం. మిషను బడిలో పంతులు. ఆదివారాలు గుడిలో హార్మోనియం వాయించేవాడు. సన్నటి పొడుగాటి వేళ్లు. మూడు ఆదివారాలు గుడిలో పెళ్లి ప్రకటన చదివారు, ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. నాలుగో వారంలో నేను విశ్రాంతమ్మ తలమీదికి ఎక్కాను.

ఆ రోజు పాస్టరుగారు చెప్పిన మాటలు నాకు బాగా గుర్తు, ఎందుకంటే నా గురించి కూడా చెప్పినట్టనిపించింది. "ఈ పెళ్లి ఒక నీడ మాత్రమే. అసలు పెళ్లికొడుకు ప్రభువు. సంఘమంతా ఆయన పెళ్లికూతురు. ఆడవాళ్లే కాదు, మొగవాళ్లూ పెళ్లికూతుళ్లే." నేను ముందు వరసలో కూర్చున్న సంఘపెద్దలని చూశాను. బుర్రమీసాలవాళ్లు, బట్టతలవాళ్లు, తలపాగాలవాళ్లు. ఇంతమందికి నేనొక్కదాన్నే ఏం సరిపోతానని దిగులుపడ్డాను. వాళ్లలో ఒక్కరి ముఖంలోనూ సిగ్గు కనిపించలేదు. ఒకాయన ఆవలించాడు.

ప్రమాణాలయ్యాయి. కలిమిలోనూ లేమిలోనూ, రోగంలోనూ ఆరోగ్యంలోనూ అని ఇద్దరూ పాస్టరుగారి వెనక మాట మాట పలికారు. మనుషులు పెద్ద మాటల్ని ఎంత తేలిగ్గా పలుకుతారో నాకు అక్కడే తెలిసింది. తర్వాత ఆశీర్వాదం నన్ను పైకెత్తడానికి చెయ్యి చాచాడు. అతని చిటికెనవేలు నా అంచు గొలుసులో చిక్కుకుంది. లాగేస్తే దారం తెగేది. అతను లాగలేదు. అంతమంది చూస్తుండగా తొందరపడకుండా, వేలిని వెనక్కి మడిచి నెమ్మదిగా విడిపించుకుని, అప్పుడు ఆమె ముఖం మీదనుంచి నన్ను తీశాడు. విశ్రాంతమ్మ కళ్లు దించుకునే ఉంది గానీ ఆ వేలిని చూసింది.

తర్వాత మూడేళ్లు నేను ట్రంకుపెట్టెలో, ఎండిన నిమ్మాకుల వాసన మధ్య నిద్రపోయాను. అప్పుడప్పుడు పేటలో ఎవరికో పెళ్లి కుదిరితే లేపేవారు. ఒక పెళ్లికూతురు ఆరాధన పొడుగునా తుమ్మింది. ఒకత్తె ఏడ్చి ఏడ్చి నాకు కాటుక పూసింది. ఒకత్తె నా వెనక కూర్చుని హాయిగా కునుకు తీసింది. ఆ కాపురమే అందరికంటే బాగుందని తర్వాత విన్నాను. ప్రతిసారీ విశ్రాంతమ్మ నన్ను ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టేది. పక్కగదిలోంచి హార్మోనియం వినిపించేది. పెట్టెలో చీకట్లో ఆ పాట నాకు నీళ్లలోంచి వస్తున్నట్టు వినపడేది.

నాలుగో ఏడు, ఒక పొద్దున్న పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఆశీర్వాదం గిన్నె దించాడు. మసిగుడ్డ పట్టుకోలేదు. దించి, కబుర్లు చెబుతూ, గిన్నె అంచు అలాగే పట్టుకుని ఉన్నాడు. కాలిన వాసన ముందు విశ్రాంతమ్మకి వచ్చింది.

"ఏవండీ, మీ చెయ్యి."

అతను చేతివంక చూసుకున్నాడు. తోలు తెల్లగా ఉబ్బి ఉంది. నొప్పి లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ముంజేతి మీద పాలిపోయిన మచ్చ ఒకటి చాలా నెలలుగా ఉంది. దాన్ని ఇద్దరూ ఎండకి కమిలిందని చెప్పుకుంటూ వచ్చారు.

ఊరికి తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. కుష్ఠు అనే మాట గానీ, పెద్దరోగం అనే మాట గానీ ఎవరూ పైకి అనలేదు. బడిలో పిల్లల్ని కొన్నాళ్లు పంపలేదు. గుడిలో ప్రభు భోజనం అప్పుడు ద్రాక్షరసం ఒక్క పాత్రలోనే అందరూ తాగాలి. మాస్టారు చివర్న తీసుకుంటే బాగుంటుందేమోనని పెద్దలు అన్నారు. ఆయన చివర్న తీసుకున్నాడు. తర్వాతి నెల, ఆయన తాగాక ఎవరో పాత్రని బయటికి తీసుకుపోయి బూడిదతో తోముతున్న చప్పుడు లోపలికి వినిపించింది. ఆ తర్వాత ఆయన గుడికి రాలేదు. హార్మోనియం మీద గుడ్డ కప్పారు. మొగవాళ్లూ పెళ్లికూతుళ్లేనన్న గుడి అదే. పాస్టరుగారు చెడ్డవాడు కాదు. ఏం చెయ్యాలో తెలియక ఊరుకున్నాడు. మంచివాళ్లు ఎక్కువగా చేసే పని అదే.

మత్తయి పడవ ఆపి వచ్చాడు. గుమ్మం దాటలేదు.

"ఏమే, బట్టలు సర్దుకో. నిన్ను తీసుకెళ్లిపోవడానికొచ్చాను. బావమీద నాకేం కోపం లేదు. దేవుడు ఆయనకేం రాశాడో ఆయన చూసుకుంటాడు. నువ్వు కూడా అలా అయిపోతావుంటే చూత్తా కూచోలేను నేను."

లోపల్నుంచి ఆశీర్వాదమే అన్నాడు: "తీసుకెళ్లండి బావగారూ. నేను ఆసుపత్రికి వెళ్లిపోతున్నాను. అక్కడ మా వాళ్లు చాలామంది ఉంటారు."

మా వాళ్లు అనే మాటలో తను లేదని విశ్రాంతమ్మకి అర్థమైంది. ఆమె ఏడ్చింది. వద్దంది. కాళ్లు పట్టుకుంది. చివరికి వెళ్లింది. ఈ కథని ఆ ఆసుపత్రి కాలనీలో తర్వాత చాలామంది చెప్పారు. భర్త వెంట నిలబడిన ఇల్లాలు అని చెప్పేవారు. నేను ట్రంకుపెట్టెలో ఉన్నాను, ఆ పెట్టె మత్తయి పడవలో ఉంది, పడవ కాలవమీద అన్నగారింటివైపే కదిలింది. ఆమె వెళ్లిపోయింది. అదీ జరిగింది.

అన్నగారింట్లో రెండేళ్లు. వదిన మంచిదే. ఎవరూ ఏమీ అనలేదు. విశ్రాంతమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. రోజూ పొద్దున్నే ఎవరూ చూడకుండా, ముందు రెండు చేతులూ, తర్వాత మోచేతులూ ఎండకి తిప్పి చూసుకునేది. మచ్చ లేదని తేలాక ఆమె ముఖంలో ఒక వెలుగు వచ్చేది, ఆ వెంటనే ఆ వెలుగుకి సిగ్గు వేసేది. ఒకరోజు మత్తయి భోజనం దగ్గర గొంతు సవరించుకుని, పాలకొల్లు వైపు ఒక సంబంధం ఉందనీ, భార్య పోయినవాడనీ, పాస్టరుగారిని అడిగితే ఏదో దారి చెబుతారనీ అన్నాడు. ఆమె అన్నం కలుపుతూ ఉండిపోయింది.

ఆ నెలలోనే పక్కింటి సలోమి పెళ్లి. నన్ను అడిగారు. విశ్రాంతమ్మ తనే నన్ను తీసుకొచ్చి ఆ పిల్ల తలమీద సర్ది, వెనక వరసలో కూర్చుంది. పాస్టరుగారు ఆ పాత ప్రసంగమే మొదలుపెట్టారు. ఆయనకి పెళ్లి ప్రసంగం ఒకటే ఉంది. ఈసారి ఒకచోట ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మామూలుగా చెప్పని మాట ఒకటి చెప్పారు. ఆయన మనసులో హార్మోనియం మీది గుడ్డ మెదిలిందేమో నాకు తెలియదు.

"పెళ్లికూతురు మచ్చ లేకుండా ఉందని ప్రభువు రాలేదు. మచ్చలతోనే ఉంది. పారిపోయింది కూడా. ఆయన వచ్చి తనతో కలుపుకున్నాకే ఆ మచ్చలు పోయాయి."

నేను వేరే పిల్ల తలమీద ఉన్నాను గానీ నా చూపు వెనక వరస మీదే ఉంది. విశ్రాంతమ్మ ఎండిపోయిన కళ్లతో నన్నే చూస్తోంది. ఆ రెండేళ్లూ ఆమె ఒకే లెక్క వేసుకుంటూ వచ్చింది: రోగం ఆయనది, బాగున్నది తను, బాగున్నవాళ్లు రోగుల దగ్గరికి వెళ్లాలంటే ధైర్యం కావాలి, ఆ ధైర్యం తనకి లేదు. ఆ పూట ఆ లెక్క తలకిందులైంది. పారిపోయిన పెళ్లికూతురు తనే. ఆ పారిపోయినదాన్ని వెతుక్కుంటూ ఒకాయన కాలవగట్టు దాకా వచ్చాడు, అరుగు దాకా వచ్చాడు, ఎండలో చేతులు తిప్పి చూసుకుంటున్నప్పుడు పక్కనే నిలబడ్డాడు. ఆమెకి ఏ స్వరమూ వినపడలేదు, ఏ వెలుగూ కనపడలేదు. గుడి కిటికీలోంచి కాలవ గాలి వచ్చింది. నేను సలోమి ముఖం మీద కొంచెం కదిలాను. అంతే.

మర్నాడు పొద్దున్నే ఆమె ట్రంకుపెట్టె సర్దింది. మత్తయి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆయన్ని నువ్వు బాగుచేత్తావేటి? డాట్రువా?"

"నేను ఆయన్ని ఉద్ధరించడానికి వెళ్లడం లేదన్నయ్యా. నాకు అక్కడ చోటుంటుందేమో అడగడానికి వెళ్తున్నాను."

మత్తయి పక్కకి జరిగి, పెట్టె తనే నెత్తిన పెట్టుకుని రేవు దాకా మోశాడు.

గోదావరి దాటి, రెండు బస్సులు మారి, జీడిమామిడి తోటల మధ్యనున్న ఆ ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలింది. ఆసుపత్రి వెనక చిన్న చిన్న ఇళ్లతో ఒక కాలనీ, దాని నడుమ రేకుల కప్పున్న గుడి. ఆశీర్వాదానికి కబురు వెళ్లింది. బదులు పెద్ద నర్సు తెచ్చింది. "నిన్ను మీ అన్నగారింటికి పంపెయ్యమంటున్నాడమ్మా. చూడనంటున్నాడు."

"సరేనండి" అంది విశ్రాంతమ్మ. "నాకేదైనా పని ఉంటే చెప్పండి."

పుండ్ల కట్లు ఉతికి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మళ్లీ చుట్టలు చుట్టే పని ఇచ్చారు. నెలలు గడిచాయి. ఆశీర్వాదం కాలనీ పిల్లలకీ పెద్దలకీ అక్షరాలు నేర్పేవాడు, గుడిలో హార్మోనియం వాయించేవాడు. ఎడమచేతి వేళ్లు రెండు వంగిపోయాయి గానీ మిగిలినవాటితో పాట లాక్కొచ్చేవాడు. ఆమె ఎదురొస్తే భుజం మీది తువ్వాలు తలమీంచి ముఖం మీదికి లాక్కుని పక్కదారి పట్టేవాడు. అతనికీ ఒక ముసుగుందని నేను అప్పుడు తెలుసుకున్నాను. నాకంటే ముతకది, కన్నాలు లేనిది. నేనూ ముసుగునే కాబట్టి నాకు దానిమీద జాలి వేసింది. దాన్ని తీసేవాళ్లు ఎవరూ లేరు.

ఆ ఏడు వానలు వెలిశాక కాలనీలో ఒక పెళ్లి కుదిరింది. పిల్ల యేసుమణి, కట్ల గదిలో విశ్రాంతమ్మకి సాయం చేసేది. జబ్బు తగ్గింది గానీ ముక్కు దూలం కుంగిపోయింది, కనుబొమలు రాలిపోయాయి. అతను గిద్యోను, తోటమాలి. అతనికి చేతివేళ్లు మిగల్లేదు. యేసుమణి ఒక మధ్యాహ్నం వచ్చి నన్ను అడిగింది.

"నీ పెట్టెలో ముసుగుందంట గదా అక్కా. ఒక్కపూటకియ్యి."

విశ్రాంతమ్మ నన్ను తీసి ఆమె ఒళ్లో పెట్టింది. యేసుమణి నన్ను అరచేతి వెనకతో నిమిరి, "మొహం దాచుకోడానికనుకునేవు" అంది. "అందుకు కాదు. నా మొహం ఇక్కడ అందరూ చూసిందే. పెళ్లికూతురికి ముసుగు తీసేవాడొకడుండాలి గదా. అందుక్కావాలి."

పెళ్లి రోజు పొద్దున రేకుల గుడి నిండిపోయింది. ప్రమాణాలయ్యాయి. గిద్యోను చేతులు చాచాడు. వేళ్లు లేని ఆ రెండు చేతుల మధ్య నా అంచుని ఇరికించుకోవడానికి ప్రయత్నించాడు. జారిపోయాను. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారాను. పక్కనున్నవాళ్లు సాయానికి వస్తే తల అడ్డంగా ఊపాడు. నేను ఎన్నో పెళ్లిళ్లలో ఉన్నాను, ఎన్నో చురుకైన వేళ్లు నన్ను ఒక్క విదిలింపుతో వెనక్కి పడేశాయి. ఆ రోజు మాత్రం నాకు నేనే తేలికైపోవాలనిపించింది. మూడోసారి అతను వంగి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు ముంజేతులూ నా కిందికి పోనిచ్చి, తెల్లవారగట్ల తెర లేచినట్టు నన్ను నెమ్మదిగా పైకి లేపుతూ తనూ లేచాడు. నేను వెనక్కి ఒరిగిపోయాను. యేసుమణి అతన్ని చూసింది. కనుబొమలు లేని ఆ ముఖంలో పూచిన నవ్వుని నేను వర్ణించలేను. నా ఒంటిమీది పువ్వులన్నీ దాని ముందు దారపు పోగులే.

అప్పుడు పాట మొదలవ్వాలి. మొదలవ్వలేదు. హార్మోనియం ముందు ఆశీర్వాదం చేతులు మెట్ల మీద ఆనించి, ముందుకు వంగి, కదలకుండా కూర్చుని ఉన్నాడు. కాసేపటికి జనంలోంచే ఎవరో అందుకుని పాడేశారు.

మర్నాడు మధ్యాహ్నం విశ్రాంతమ్మ నన్ను ఉతికి, కట్ల గది వెనక తాడు మీద ఆరేసింది. వాన కడిగిన ఎండ. కట్లన్నీ తెల్లటి పొడుగాటి తోకల్లా గాలికి ఊగుతున్నాయి. వాటి నడుమ నేను నిండుగా పరుచుకుని ఉన్నాను. ఆమె ఇవతల నిలబడి ఉంది. అవతలికి ఒక నీడ వచ్చి ఆగింది. తువ్వాలు తలమీదే ఉంది.

"ఎండలో నిలబడకు" అన్నాడు ఆశీర్వాదం. ఇన్నాళ్ల తర్వాత అతను అన్న మొదటి మాట.

"గాలికి ఇది ముళ్లకంపమీద పడుతుందండి. ఆరేదాకా ఉండాలి."

నేను ఇద్దరి ఊపిరికీ మధ్య ఉన్నాను.

"నిన్న పాట అందుకోలేకపోయాను" అన్నాడతను. "వాడికి వేళ్లు లేవు విశ్రాంతం. అయినా తీశాడు. నాకింకా ఎనిమిది పనిచేస్తున్నాయి. ఈ తువ్వాలు తీసుకోలేకపోయాను నేను."

"నేను రెండేళ్లు రాలేదండి."

"నేనేగా పొమ్మన్నాను."

"మీరు పొమ్మన్నారు. నాకూ వెళ్లాలనే ఉంది అప్పుడు. అన్నయ్యగారింట్లో రోజూ పొద్దున్నే చేతులు చూసుకునేదాన్ని, మచ్చ వచ్చిందేమోనని. ఆ మాట చెప్పకుండా మీ పక్కన కూర్చోలేను."

"ఇప్పుడు చూసుకోవా?"

"ఇప్పుడూ చూసుకుంటాను, అప్పుడప్పుడు."

"భయమేనా?"

"భయమేనండి. భయపడుతూనే ఉంటాను, ఇక్కడే ఉంటాను."

అవతలి నుంచి ఒక చిన్న నవ్వు వినిపించింది. బొంగురుగా, చాలాకాలం వాడని తలుపు తీసినట్టు. "నేనూ పారిపోయానే. నువ్వు బయటికి పారిపోయావు, నేను లోపలికి పారిపోయాను. నిన్ను పంపించి నీకు మేలు చేశాననుకున్నాను. నువ్వు నన్ను చూడకుండా ఉండాలనేదే నా కోరిక."

తువ్వాలు జారిన చప్పుడు మెత్తగా వినిపించింది. విశ్రాంతమ్మ రెండు చేతులతో నన్ను ఎత్తి తాడు మీదికి మడిచేసింది. ఇద్దరి మధ్యా ఏమీ లేదు. ఆమె తొందరపడకుండా చూసింది. నుదురు, దళసరెక్కిన చెవులు, బుగ్గమీది గరుకు, ఆ కళ్లు.

"చెవులు పెద్దవయ్యాయి" అంది.

"అవును."

"అన్నం తిన్నారా?"

"ఇంకా లేదు."

"రండి."

వాళ్లు వెళ్లిపోయారు. నేను తాడు మీద మడత పడి, సాయంత్రం దాకా అలాగే ఊగుతూ ఉండిపోయాను. ఆరేదాకా ఉండాలన్న మాట ఆమె మరిచిపోయింది.

తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు వాళ్లు ఆ కాలనీలోనే కాపురం చేశారు. మందులతో ఆశీర్వాదానికి జబ్బు నయమైంది. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. విశ్రాంతమ్మకి జబ్బు రాలేదు. అందరికీ రాదని డాక్టర్లు ముందునుంచీ చెబుతూనే ఉన్నారు, ఎవరూ వినలేదు. రేకుల గుడిలో ఒకటే పాత్ర ఉండేది. వేళ్లున్నవాళ్లు వేళ్లతో, లేనివాళ్లు రెండు చేతుల మధ్య పట్టుకుని అందులోనే తాగేవారు. పట్టుకోలేనివాళ్లకి పక్కవాళ్లు పట్టేవారు. మత్తయి మొదటిసారి వచ్చినప్పుడు గేటు దగ్గరే కూర్చుని కొబ్బరికాయలిచ్చి వెళ్లిపోయాడు. రెండోసారి లోపలికి వచ్చాడు గానీ మంచినీళ్లు ముట్టలేదు. మూడోసారి ఆశీర్వాదం పక్కన పీటేసుకుని చేపలపులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు. "ఉప్పు తగ్గిందే" అన్నాడు చెల్లెలితో. ఆయన క్షమాపణ అడిగే తీరు అది.

నేను ఆ కాలనీలో నలభై మందికి పైగా పెళ్లికూతుళ్ల తలల మీద ఎక్కాను. అక్కడ ప్రతి పెళ్లిలోనూ నన్ను తీయడానికి చాలాసేపు పట్టేది. ఎవరికీ తొందర ఉండేది కాదు.

ఆశీర్వాదం ఒక ఆదివారం మధ్యాహ్నం, గుడినుంచి వచ్చి వాలుకుర్చీలో కూర్చుని, అలాగే వెళ్లిపోయాడు. విశ్రాంతమ్మ చాలారోజులు రెండు పళ్లేలు కడిగేది. ఆ తర్వాత ఆమె ప్రార్థన మారింది. మునుపు మోకరించి, తెలిసిన మాటలే వరసగా చెప్పేది. ఇప్పుడు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ మాట్లాడేది. ఒకరోజు "ప్రభువా" అనబోయి "ఏవండీ" అంది. నాలిక కరుచుకుంది. ఆకాశంకేసి ఒకసారి చూసి, ఎవరూ కోప్పడనందుకు తనలో తనే నవ్వుకుంది. ఆ తర్వాత ఆ పిలుపు మానలేదు. "ఏవండీ, ఇవాళ మోకాళ్లు లాగుతున్నాయి." "ఏవండీ, యేసుమణి మనవరాలికి జ్వరమంట, కాస్త చూడండి." వినేవాళ్లకి ఆమె పోయిన భర్తతో మాట్లాడుతోందనిపించేది. ఒక్కోసారి నాకూ ఎవరితోనో తెలిసేది కాదు. ఆమెకి మాత్రం తికమక ఉన్నట్టు లేదు. ఆ ఇంట్లో గాలి అప్పుడు నిండుగా ఉండేది, ఎవరో ఇప్పుడే లోపలికి వచ్చి కూర్చున్నట్టు.

చివరి రోజుల్లో యేసుమణి ఆమె మంచం పక్కనే ఉంది. ఒక ఉదయం నన్ను తెచ్చి చూపించింది.

"మాస్టారి దగ్గరికి వెళ్తున్నావు గదా అక్కా. నీ తలకిది వేసి పంపిస్తాను."

"మాస్టారూ ఉంటారు" అంది విశ్రాంతమ్మ. గొంతు సన్నగా, తేటగా ఉంది. "మా ఇద్దర్నీ కలిపినాయన ముందు ఎదురొస్తాడు. వద్దు యేసుమణీ. ముసుగు ఇంకా చూడనివాళ్లకి. నేను కాలవమీద పారిపోతున్నప్పుడే ఆయన నన్ను చూసేశాడు. ఇంకేం దాచుకోను."

రెండు రోజులకి ఆమెను జీడిమామిడి తోట అంచున భర్త పక్కన పెట్టారు. పొద్దుటి వేళ. శవపెట్టె మూత వెయ్యబోతుంటే చిన్న తుంపర వచ్చింది. ఆమె ముఖం మీద నాలుగు చినుకులు పడ్డాయి. తుడవబోయిన చేతిని యేసుమణి ఆపింది. నేను యేసుమణి భుజం మీద ఉన్నాను. ఆ ముఖాన్ని నేను నా కన్నాల్లోంచి కాకుండా, దూరంగా, నిండుగా చూశాను. ఎవరో దగ్గరికి వచ్చి పిలిస్తే పలకబోతున్నట్టు ఉంది. నేను అడ్డంగా లేకపోవడం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇప్పుడు నేను ఆసుపత్రిలో ఒక చిన్న గదిలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. పాత మందు సీసాలు, ఒక చెక్కకాలు, కుట్లు ఊడిన రబ్బరు చెప్పులు నా పొరుగువాళ్లు. పెళ్లిళ్లకి కొత్త ముసుగులు పట్నంనుంచి అద్దెకి వస్తున్నాయి. పిన్నులు పెడతారు, ఎవరూ తియ్యాల్సిన పనిలేదు. నా ముందు ఒక అట్టముక్క మీద నీటైన అక్షరాలతో రాశారు: "చేతి అల్లిక మేలిముసుగు. అల్లినవారి పేరు తెలియదు." చూడ్డానికి వచ్చేవాళ్లు నా పువ్వుల్ని మెచ్చుకుని పక్క సీసాల దగ్గరికి వెళ్లిపోతారు. నాకు కోపం లేదు. ఎక్కువ సమయం నేను మెలకువకీ నిద్రకీ మధ్య ఉంటాను. పదిగంటలకి కిటికీలోంచి ఎండ వచ్చి, నా నీడని ఎదుటి గోడమీద వేస్తుంది. గోడ కదలదు గానీ నాకది నీళ్లలా అనిపిస్తుంది.

ప్రతి ఆదివారం ఆరాధనయ్యాక యేసుమణి కర్ర తాటించుకుంటూ వస్తుంది. ఆమెకి అక్షరాలు మాస్టారే నేర్పాడు. అట్టముక్క ముందు నిలబడి, కళ్లజోడు సర్దుకుని, పైకి చదువుతుంది. అక్కడ రాసింది ఒకటి, ఆమె చదివేది ఒకటి.

"అల్లినది విశ్రాంతమ్మ" అని చదివి, వెళ్లిపోతుంది.